గడ్డమునకు బ్లేడా? యంత్రమా?

మనము ప్రతిదినమును చేయు పనులలో కొన్ని మిక్కిలి చిన్నవి. చిన్నవగుటచేతనే వానినిగూర్చి యెవరును యోచింపరు. యోచింపకపోవుటచేతనే వానియందలి పొరపాట్లు ఏండ్ల తరబడి నిలిచిపోవును. గడ్డము గీసికొనుట యట్టి పనులలో నొకటి. బ్లేడుతో గీసికొనవలెనా, విద్యుచ్ఛక్తితో నడచు యంత్రముతో గీసికొనవలెనా యను ప్రశ్న పత్రికలో చర్చింపదగినంతటిదా యని పెద్దలు కొందరు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు వారు ఒకమారు గోదావరిఖనికి రావలెనని మా మనవి.

పెద్దపల్లి జిల్లాలో, గోదావరి దక్షిణపుటొడ్డున, రామగుండము, గోదావరిఖని అను జంట ఊళ్లు కలవు. ఒకచోట భూగర్భమునుండి బొగ్గు పైకి వచ్చును. దానికి కొలదిదూరముననే ఆ బొగ్గు కాలి విద్యుత్తుగా మారును. రామగుండములోని జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థవారి కేంద్రమున మొదటి యూనిట్టు 1983లో పనిచేయసాగెను. క్రమముగా అది 2,600 మెగావాట్ల కేంద్రముగా పెరిగినది. ఆ ఆవరణముననే 800 మెగావాట్ల క్రొత్త యూనిట్లు రెండు 2023, 2024 సంవత్సరములలో వెలసినవి. ఇచట పుట్టిన విద్యుత్తు తీగెలవెంట పోయి, ఎక్కడనో ఒక పట్టణములో ఒక పెద్దమనిషి చెంపపై తిరుగాడు చిన్నయంత్రమును నడుపుచున్నది. ఆ యంత్రమునకు ఆహారమును త్రవ్వి తెచ్చిన కార్మికుడు తన గడ్డమును దేనితో గీసికొనవలెను? ఈ ప్రశ్న అందముకంటె ఆరోగ్యమునకు, ఆరోగ్యముకంటె ప్రాణమునకు సంబంధించినదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

పొదినుండి పొట్లమునకు

క్షురము మనకు క్రొత్తది కాదు. ఆ మాట ఋగ్వేదమునందే కలదు. కఠోపనిషత్తు జ్ఞానమార్గమును క్షురధారతో పోల్చినది. అనగా వాడిమికి మన పూర్వులకు అంతకంటె మేలైన ఉపమానము దొరకలేదన్నమాట. అయితే ఆ క్షురము ఇంటివాని చేతిలో నుండెడిది కాదు, మంగలిపొదిలో నుండెడిది. మంగలి పాత, చాకలి కొత్త యను సామెత యిందువలననే పుట్టినది. కంఠముపై కత్తి నాడించువాడు చేయి తిరిగినవాడు కావలెను గదా!

ఈ యేర్పాటును మార్చినవాడు అమెరికా దేశస్థుడగు కింగ్ క్యాంప్ జిల్లెట్టు. సానపెట్టనవసరము లేక, మొద్దుబారిన పిమ్మట పారవేయదగిన పలుచని ఉక్కురేకును పిడికి బిగించు ఉపాయమును అతడు కనిపెట్టెను. 1903లో అతని కంపెనీ అమ్మినవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే. మరుసటి సంవత్సరము రేజరులే 90 వేలు దాటెను. మొదటి ప్రపంచ యుద్ధమున, 1918లో, అమెరికా ప్రభుత్వము తన సైనికులకై 35 లక్షల రేజరులను, 3 కోట్ల 20 లక్షల బ్లేడులను కొనెను. యుద్ధభూమిలో విషవాయువునకు అడ్డముగా తొడుగుకొను ముసుగు చర్మమున కంటుకొనవలె నన్నచో గడ్డ ముండరాదు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపక ముంచుకొందురుగాక. బొగ్గుబాయికడ దీనితో మనకు మరల పని కలదు.

విద్యుద్యంత్రమునకు మూలపురుషుడు జాకబ్ షిక్కు. ఇతడు అమెరికా సైన్యమున పనిచేసినవాడు. గడ్డకట్టు చలిప్రదేశమున, కాలికి దెబ్బ తగిలి పడియుండగా, నీరును సబ్బును లేకయే గడ్డము గీసికొను సాధన ముండిన బాగుండునని యతనికి తోచినదట. 1931లో అతని యంత్రము బజారునకు వచ్చెను. వెల 25 డాలర్లు. ఆ దినములలో అది సామాన్యుని కందని మూల్యము. 1939లో హాలండు దేశపు ఫిలిప్స్ కంపెనీవారు గుండ్రముగా తిరుగు తలగల యంత్రమును చేసిరి. నేడు మన దుకాణములలో కనబడు యంత్రములన్నియు ఈ రెండు వంశములలో నేదో యొకదానికి చెందినవే.

మనదేశమునను బ్లేడుల పరిశ్రమ బాగుగా పాతుకొన్నది. టోపాజు, సూపర్ మాక్స్ వంటి పేర్లు పల్లెటూరి కిరాణాకొట్టులో సయితము పరిచితములు. ఈ సరకులో మనము పరదేశముపై ఆధారపడవలసిన గతి లేదు. ఇది సంతోషింపదగిన విషయము.

రెండు సాధనముల తత్త్వము

వెల నడుగుటకు ముందు ఏది యెట్లు పనిచేయునో తెలిసికొనవలెను.

బ్లేడు చర్మమును తాకుచు పోవును. అందుచేత వెంట్రుకను మొదలంట కోయును. చర్మపు పైపొరను కూడ కొంత గీరును. వెంట్రుక ఉక్కుకంటె సుమారు ఏబది రెట్లు మెత్తనిది. అయినను అది ఉక్కు నెట్లు మొద్దుపరచునను చిక్కుప్రశ్నను మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పండితులు 2020లో విప్పిరి. వెంట్రుక యేటవాలుగా తగిలినపుడు, ఉక్కులోని కణముల కూర్పు సమముగా లేనిచోట, అంచునుండి సూక్ష్మమైన పెచ్చులు ఊడునని వారు సూక్ష్మదర్శినిక్రింద చూచిరి. బ్లేడు అరిగి మొద్దుబారుట కంటె పెచ్చులూడి మొద్దుబారుటయే హెచ్చన్నమాట. వెంట్రుకను ముందుగా నీటితో రెండు మూడు నిమిషములు నానబెట్టినచో అది మెత్తబడి సులభముగా తెగును. తొందరపడి పొడిచెంపపై నురుగు పూసి గీయువాడు బ్లేడును, చర్మమును రెంటిని చెరచుకొనుచున్నాడు.

విద్యుద్యంత్రమున కత్తి చర్మమును తాకదు. నడుమ సన్నని రంధ్రములు గల రేకు గాని, జల్లెడవంటి మూత గాని యుండును. వెంట్రుక ఆ రంధ్రములో దూరును. లోపల తిరుగు కత్తి దానిని తునుమును. రేకు మందమెంతయో అంత మొదలు మిగిలిపోవుట సహజము. కాబట్టి యంత్రము ఎంత మంచిదైనను బ్లేడంతటి నునుపు రాదు. దానికి ప్రతిఫలముగా గాటు పడదు. చేయి వణకు వృద్ధులకును, మధుమేహముచేత పుండ్లు త్వరగా మానని వారికిని, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడు హృద్రోగులకును, వెంట్రుక వంకరతిరిగి చర్మములోనికే పెరిగి పొక్కులు లేచు వారికిని యంత్రమే మేలు.

ఇచట నొక హెచ్చరిక. మన యువకులు షేవరని తలంచి కొనుచున్నవి పెక్కు ట్రిమ్మరులు. ట్రిమ్మరు గడ్డమును పొట్టిచేయును గాని తీసివేయదు. అందమునకు అది చాలవచ్చును. అన్ని పనులకును అది చాలదు. ఏల చాలదో ఇపుడు చూతము.

బాయిలోనికి దిగు ముఖము

ఈ ప్రాంతమున గనిని బాయి యందురు. బొగ్గుబాయి, బాయిపని యను మాటలు ఇచట పుట్టిన ప్రతి బిడ్డకును తెలియును. తెలంగాణపు బొగ్గుచరిత్ర 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించుటతో మొదలైనది. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడెను. 1920లో దానికి సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. 1945లో నిజాం ప్రభుత్వము దాని వాటాలను చేజిక్కించుకొనెను. నేడు తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51 పాళ్లు, కేంద్రమునకు 49 పాళ్లు గల ప్రభుత్వసంస్థ యది. కంపెనీ చేతులు మారినది. కార్మికుని ముఖముపై పడు ధూళి మారలేదు.

ఆ ధూళిచేత ముఖమునకు కలుగు ఆపదలు రెండు.

మొదటిది శ్వాసకు సంబంధించినది. కంటి కగుపడని సన్నని బొగ్గుధూళి ఊపిరితిత్తులలో దిగి, ఏండ్లు గడచినకొలది గట్టిపడి, మనిషిని పిప్పి చేయును. దానిని వడగట్టుటకు కార్మికుడు ముక్కును నోటిని కప్పు మాస్కును ధరింపవలెను. మాస్కు అంచు చర్మమును నలుప్రక్కల అంటిపెట్టుకొనియున్నపుడే అది పనిచేయును. అంచుక్రింద ఒకటి రెండు దినముల మోడు గడ్డమున్నను సందులు ఏర్పడును. గాలి వడపోతగుండ పోక ఆ సందులలోనుండి లోపలికి దూరును. అపుడు మాస్కు ధరించితినన్న ధైర్యమే గాని రక్షణ లేదు. ట్రిమ్మరుతో మిగిల్చిన సొగసైన నాలుగుదినముల గడ్డము ఇచట పనికిరాదనుటకు కారణమిదియే.

ప్రమాదము జరిగినపుడు ఇతరులను రక్షింప దిగు దళమువారి సంగతి ఇంతకంటె కఠినము. సింగరేణివారి గనిరక్షణకేంద్రము రామగుండముననే కలదు. విషవాయువులు నిండినచోటికి ప్రాణవాయువుపెట్టెను వీపున కట్టుకొని, ముఖమంతయు కప్పు ముసుగు తగిలించుకొని పోవువానికి గడ్డపు మోడు ఒక శత్రువు. సామాన్య కార్మికుడు నడుమునకు కట్టుకొనిపోవు సెల్ఫ్ రెస్క్యూయరు నోట కరచుకొని ముక్కునకు చీలవంటి క్లిప్పు పెట్టుకొనునది గనుక దానికి గడ్డముతో పేచీ లేదు. మాస్కునకు మాత్రము కలదు.

రెండవ ఆపద చర్మమునకు సంబంధించినది. బొగ్గుపనిలో చర్మము తెగి, ఆ గాయమున ధూళి చేరి, పైన చర్మము మూసికొనిపోయినచో, అచట నల్లని, నీలిరంగు గల మచ్చ జీవితాంతము నిలిచిపోవును. ఇంగ్లండులోను, వేల్సులోను పాత బొగ్గుకార్మికుల ముఖములపైని చేతులపైని ఈ నీలిమచ్చలు వారి వృత్తికి గుర్తుగా నుండెడివి. పచ్చబొట్టు పొడుచువాడు చేయు పనిని గని తానే చేయుచున్నది. ప్రాతఃకాలమున తొందరతొందరగా మొద్దుబ్లేడుతో గీసికొని, రెండుచోట్ల గాటు పడి, నెత్తురు తుడుచుకొని షిఫ్టునకు పరుగెత్తువాడు తన ముఖమున ధూళికి ద్వారములు తెరచి పోవుచున్నాడు. పైగా మాస్కు అంచుక్రింద చెమట చేరి, గీరిన చర్మము మండును. మండినపుడు వాడు మాస్కును తీసి మెడకు వ్రేలాడవేయును. ఎవనిని తప్పుపట్టగలము?

అనగా కార్మికునికి కావలసినది నున్నని ముఖము; కాని గాయము లేని ముఖము. ఈ రెండింటి నడుమ బ్లేడు మొదటిదానిని, యంత్రము రెండవదానిని బాగుగా సమకూర్చును. మాస్కు అంటుకొనుటకు నిత్యము యంత్రముతో చేసిన క్షౌరము చాలును. పెండ్లికుమారుని చెంపవలె మెరయనవసరము లేదు. కావున షిఫ్టునకు ముందు గీసికొనువానికి యంత్రము శ్రేయము. షిఫ్టు ముగించి, స్నానముచేసి, తీరికగా గీసికొనువానికి బ్లేడు చాలును. రాత్రి గడచుసరికి చిన్న గాట్లు పొరకట్టును. అయితే మరునాటి షిఫ్టునకు ముందు చెంప తడిమి చూచుకొనవలెను. గరుకు తగిలినచో యంత్రమును ఒకమారు త్రిప్పుకొనవలెను. ధూళిముఖముపై మాత్రము ఏ సాధనమును పెట్టరాదు. బొగ్గురేణువులు బ్లేడుక్రింద ఇసుకకాగితమువలె చర్మమును రాచును. యంత్రపు రంధ్రములలో దూరి దానిని చెరచును.

మరియొక మాట. యంత్రమును జేబులో వేసికొని బాయిలోనికి దిగువాడు ఉండరాదు. గాలిలో మీథేను వాయువు నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలిసినపుడు నిప్పురవ్వ చాలును. చిన్న మోటారులోను రవ్వ పుట్టవచ్చును. అగ్గిపెట్టెకు గనిలో స్థానము లేనట్లే దీనికిని లేదు.

మతాచారముచేత గడ్డము పెంచువారిని, కార్తికమున అయ్యప్పదీక్ష పూనువారిని నొప్పించుట మా యుద్దేశము కాదు. చర్మమున కంటుకొననవసరము లేక, శుభ్రమైన గాలిని తలచుట్టును పంపు శిరస్త్రాణములు లోకమున కలవు. గనిలో వాడుటకు తగినవని పరీక్షింపబడినవానిని అట్టివారికి సమకూర్చుటయో, ధూళి తక్కువగు పనికి వారిని మార్చుటయో యాజమాన్యపు విధి. భక్తిని ఊపిరితో బేరమాడునట్టి అవస్థ ఎవనికిని కలుగరాదు.

కాసుల లెక్క, బొగ్గు లెక్క

ఇపుడు వెలను చూతము. రెండంచుల బ్లేడు ఒకటి మూడు రూపాయలనియు, నాలుగు దినములు పనిచేయుననియు అనుకొందము. దినదినము గీసికొనువానికి ఏటికి 91 బ్లేడులు, సుమారు 275 రూపాయలు. రెండు వేల రూపాయల యంత్రము ఐదేండ్లు నిలిచి, రెండేండ్ల కొకమారు ఎనిమిది వందలు పెట్టి దాని కత్తులను మార్చవలసివచ్చెననుకొనినచో, ఏటికి ఎనిమిది వందలు. ఇక మూడేసి, ఐదేసి అంచులు గల ఖరీదైన కార్ట్రిడ్జిని నూట యేబది రూపాయలకు కొని పది దినములు వాడువానికి ఏటికి ఐదు వేల నాలుగు వందలు దాటును. బజారునుబట్టి ఈ యంకెలు మారవచ్చును గాని వాని వరుస మారదు. పాత రెండంచుల బ్లేడు చౌక; యంత్రము మధ్యమము; ప్రకటనలలో హెచ్చుగా మెరయు కార్ట్రిడ్జి మిక్కిలి ప్రియము. పిడిని చౌకగా నిచ్చి, దానికి మాత్రమే సరిపడు కత్తిని ప్రియముగా నమ్ముట వర్తకుల చాతుర్యము. పిడి కొన్నవాడు తెలియకయే ఖాతాదారుడగుచున్నాడు.

సాధనము దేశకాలములకు తగియుండవలెనని కంపెనీలు కూడ దెబ్బతిని నేర్చుకొన్నవి. జిల్లెట్టు కంపెనీవారు 2002లో భారతదేశమునకై యొక రేజరును విడిచిరి. దానిని వారు ముందుగా పరీక్షించినది అమెరికాలో చదువుకొనుచున్న భారతీయ విద్యార్థులపై! వారికి కుళాయినీరు ధారగా వచ్చును. ఇచట మనవాడు గిన్నెడు నీటితో పని ముగించును. ఆ నీటిలో ఎంత ఆడించినను కత్తుల నడుమ చిక్కిన వెంట్రుకలు వదలకపోయెను. తరువాత వారు మన యిండ్లకే వచ్చి, మనవారు గీసికొను తీరును చూచి, 2010లో 15 రూపాయల రేజరును, 5 రూపాయల కత్తిని విడిచిరి. పెద్ద కంపెనీకి ఎనిమిదేండ్లు పట్టిన పాఠము మనకు ఉచితముగా దొరకినది.

విద్యుత్తు వ్యయమగునని యంత్రమునకు భయపడువారు కలరు. ఈ నేలలో నున్నవారికి బొగ్గులోనే లెక్క చెప్పుట న్యాయము. ఒక యూనిట్టు విద్యుత్తునకు మన కేంద్రములలో సుమారు 700 గ్రాముల బొగ్గు పట్టును. ఐదు వాట్ల చార్జరును ఒక గంట తగిలించినచో మూడున్నర గ్రాములు. దానితో రెండు వారములు గడ్డము గీసికొనవచ్చును. అనగా ఒక దినమునకు పావుగ్రాము. బ్లేడు వాడువాడు లీటరు నీటిని విద్యుత్తుతో 30 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు కాచుకొనినచో దానికే 12 గ్రాములు పట్టును! యంత్రము త్రిప్పుటకంటె నీరు కాచుట సుమారు ఏబది రెట్లు ఖర్చు. ఐనను వేసవిలో గోదావరిఖనిలో నీరు కాచవలసిన శ్రమ యెవరికిని లేదు; మిద్దెపైని తొట్టియే ఆ పనిని ధారాళముగా చేయుచున్నది.

పరుల చేతిలోని కత్తి

ఇంతవరకు మన గడ్డమును మనమే గీసికొనుటనుగూర్చి చెప్పితిమి. కాని యీ ప్రాంతమున సెలవుదినమగు ఆదివారమున క్షౌరశాలకు పోవువారే యనేకులు. మంగళవారము ఆ దుకాణములకు సెలవు. దుకాణమున కూర్చుండి నాలుగు మాటలాడి, తలకు చమురు పట్టించుకొని వచ్చుట వారమంతయు భూమిక్రింద పనిచేసినవానికి ఒక విశ్రాంతి. దానిని మాన్పుమని మేము చెప్పము. నాయీబ్రాహ్మణులు కేవలము క్షౌరము చేయువారు కారు. నాదస్వరము వారిది, మూలికావైద్యము వారిది. వారు లేక మన యిండ్లలో పెండ్లి మ్రోగదు.

కాని అచట నొక్క నియమము. ఒకరికి వాడిన బ్లేడు మరియొకరికి వాడరాదు. కామెర్లకు కారణమగు హెపటైటిస్ బీ సూక్ష్మక్రిమి శరీరమువెలుపల ఏడు దినములవరకు బ్రతికి అంటుకొనగలదు. కంటి కగుపడని నెత్తుటిచుక్క చాలును. పాతకాలపు సానకత్తిని విడిచి, బ్లేడును సగముగా విరిచి బిగించు పిడికత్తిని నేడు దుకాణములలో వాడుచున్నారు. ఇది మేలైన మార్పు. ముఖము తుడుచు గుడ్డనుగూర్చి ఎంత శ్రద్ధ వహింతుమో, క్రొత్త బ్లేడు తన కన్నులయెదుట విప్పబడినదా లేదాయను విషయమున అంతకు పదిరెట్లు శ్రద్ధ వహింపవలెను. అడుగుట అవమానము కాదు. మూడు రూపాయలకు సంకోచించువాడు ఆసుపత్రిలో ముప్పదివేలు పోసి పశ్చాత్తాపపడును.

2021 ఏప్రిల్ మొదలుకొని తెలంగాణ ప్రభుత్వము క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్లవరకు విద్యుత్తును ఉచితముగా నిచ్చు పథకమును ప్రారంభించెను. బొగ్గుబాయి కార్మికుడు త్రవ్వినది చుట్టు తిరిగి అతని క్షౌరము చేయువాని దుకాణమునకు చేరుచున్నదన్నమాట. ఆ యాదాలో కొంత బ్లేడులకు వినియోగింపబడినచో ఆ యుపకారము సార్థకమగును.

భూస్వాములగు పాఠకులకు ఇచట నొక మాట చెప్పక తప్పదు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో నొక ఇంగ్లీషు క్షురకుని కడకు పోగా, అతడు నల్లవాడని తిరస్కరించెను. గాంధీజీ కత్తెరయంత్రము కొని అద్దము ముందు తన జుట్టు తానే కత్తిరించుకొనెను. ముందుభాగము కుదిరినది, వెనుకభాగము చెడినది. న్యాయస్థానములో తోడివారు నవ్విరి. కాని ఆత్మకథలో ఆయన ఆ క్షురకుని నిందింపలేదు. మన క్షురకులను అస్పృశ్యులకు క్షౌరము చేయనిచ్చితిమా యని తన్ను తాను ప్రశ్నించుకొని, ఆ తిరస్కారము మన పాపమునకు ఫలమే యని తలంచెను.

ఈ ప్రశ్నకు మన పల్లెలు నేటికిని పూర్తిగా బదులు చెప్పలేదు. నిజాం కాలమున గడీలలో మంగలిచేత వెట్టి చేయించిరి. ఆ మంగలినే వాడకు పోవలదని కట్టడి చేసిరి. ఊరి మంగలిచేత దళితునికి క్షౌరము జరుగలేదను వార్తలు మన కాలమునను పత్రికల కెక్కుచున్నవి. బొగ్గుపట్టణము ఈ విషయమున పల్లెకు గురువు. గోదావరిఖనిలో డబ్బిచ్చి కుర్చీలో కూర్చున్నవాని కులము నెవడును అడుగడు. బాయిలోనుండి పైకి వచ్చినపుడు అన్ని ముఖములును ఒకటే నలుపు. మూడు రూపాయల బ్లేడు వచ్చి, ఎవరును ముట్టని మనుష్యునికి కూడ నున్నని చెంపను ప్రసాదించినది. ఆ చిన్న ఉక్కురేకు చేసిన ఈ ఉపకారమును చరిత్రకారులు ఎత్తిచూపరు గాని, మనము మరువరాదు.

నిర్ణయము

ఇంత విచారించిన పిమ్మట తేలినదేమి? బ్లేడు గొప్పదా, యంత్రము గొప్పదాయను వాదము నిరర్థకము. ఎవని ముఖము, ఏ పని, ఏ వేళ యని యడుగవలెను.

పల్లెలోను పట్టణములోను ఆరోగ్యవంతుడైన సామాన్యగృహస్థునకు రెండంచుల బ్లేడు చాలును. నానబెట్టి, వెంట్రుక మొలచినవైపుననే, ఒత్తక గీసికొనవలెను. ఒకని బ్లేడు ఒకనిదే. అన్నదమ్ములకైనను తండ్రికొడుకులకైనను పంపకము కూడదు. వాడిన బ్లేడును చెత్తలో విసరక డబ్బాలో వేసి మూతపెట్టవలెను. చెత్త నేరు పేదపిల్ల వ్రేళ్లు కూడ మనవంటివే. వృద్ధులకు, రోగులకు యంత్రము. మాస్కు ధరించి ధూళిలో దిగు కార్మికునికి షిఫ్టుకు ముందు యంత్రము, తీరికవేళ బ్లేడు.

అయితే ఈ చివరి ఎంపికను కార్మికుని జేబునకే విడిచిపెట్టుట న్యాయము కాదు. గనికడ కార్మికునకు స్నానశాల యుండవలెనని మన దేశమున 1959లోనే నిబంధనలు వ్రాసికొంటిమి. స్నానశాల యనగా నాలుగు కుళాయిలు మాత్రమే కాదు. ప్రతి గనికడను మంచి వెలుతురుగల అద్దము, శుభ్రమైన నీరు, యంత్రము చార్జి చేసికొనుటకు ప్లగ్గు, వాడిన బ్లేడులు వేయుటకు తాళముగల డబ్బా యుండవలెను. మాస్కు నిచ్చునపుడే గడ్డమునుగూర్చి, గాటునుగూర్చి తెలుగులో పది మాటలు చెప్పవలెను. ధూళిలో పనిచేయువారికి చెప్పులు, టోపీతోపాటు ఒక సాధారణ క్షౌరయంత్రమును ఇచ్చిననేమి? ఏటికి సుమారు ఏడు కోట్ల టన్నుల బొగ్గును తీయు సంస్థకు ఇది బరువు కాదు. కార్మికసంఘములవారు పెద్దకోర్కెల నడుమ ఈ చిన్నకోర్కెకు కూడ నొక పంక్తి కేటాయింతురుగాక.

దేశమునకు దీపము నిచ్చువాడు ఉదయమున చీకటిగదిలో, పగిలిన అద్దము ముందు, నిన్నటి బ్లేడుతో చెంప కోసికొని బాయికి పరుగెత్తుట మనకు గౌరవము కాదు. మన చెంపపై యంత్రము తిరుగునపుడు దానిని నడుపుచున్న పావుగ్రాము బొగ్గును ఒక్క క్షణము తలంచుకొందము. ఆ బొగ్గును తెచ్చినవాని ముఖముకూడ మన ముఖమంత క్షేమముగా నుండవలెను.